హెప్సిడిన్ టీబీ క్రిమిని చంపుతుందా? ముందు ఇనుము ఎక్కడుందో చూడండి

హెప్సిడిన్‌ని కొందరు యాంటీమైక్రోబియల్ పెప్టైడ్ (సూక్ష్మజీవుల్ని చంపే చిన్న ప్రోటీన్) అంటారు, కొందరు ఇనుమును అదుపు చేసే హార్మోన్ అంటారు. రెండూ నిజమే. చిక్కంతా టీబీ దగ్గర వస్తుంది, ఎందుకంటే అక్కడ ఈ రెండు పనులూ ఒకదానికొకటి అడ్డం తిరుగుతాయి. పెప్టైడ్‌గా చూస్తే అది మైకోబ్యాక్టీరియాకి, అంటే టీబీ క్రిమి వంశానికి, శత్రువు. హార్మోన్‌గా చూస్తే, ఆ క్రిమి కాపురముండే కణంలోనే ఇనుము పోగుపడేలా చేసేదీ అదే. అందుకే "హెప్సిడిన్ వేశాం, క్రిములు తగ్గాయి" అనో "పెరిగాయి" అనో ఎవరైనా ఒక గ్రాఫ్ చూపిస్తే ముందు అడగాల్సింది పెప్టైడ్ మోతాదు గురించి కాదు. ఆ సమయానికి ఇనుము ఎక్కడుంది, ఏ రూపంలో ఉంది అని అడగాలి.

ఈ గందరగోళం అది దొరికిన రోజుల నుంచీ ఉంది. 2000లో జర్మనీలో ఒక బృందం మనిషి రక్తం నుంచి వడకట్టిన ద్రవంలో పెప్టైడ్లు వెతుకుతుంటే ఇది కనిపించింది. లీప్-1 అన్నారు. 2001లో లాస్ ఏంజెలెస్‌లోని యూసీఎల్ఏలో టామస్ గాంజ్ బృందం మూత్రం నుంచి అదే పెప్టైడ్‌ని తీసి హెప్సిడిన్ అని పేరు పెట్టింది. రెండు బృందాలూ దాన్ని చూసింది సూక్ష్మజీవుల్ని చంపే పదార్థంగానే. అదే ఏడాది పారిస్‌లో సోఫీ వోలాంట్ బృందం మరో జన్యువుని తీసేసిన ఎలుకల్లో కాలేయం నిండా ఇనుము పేరుకోవడం చూసి కారణం వెతికితే, ఆ ఎలుకల్లో హెప్సిడిన్ తయారవడం లేదని తేలింది. 2004లో ఎలిజబెటా నెమెత్, గాంజ్ తదితరులు అసలు కీలు పట్టుకున్నారు: కణంలోంచి ఇనుము బయటికి పోయే ఏకైక ద్వారం ఫెర్రోపోర్టిన్, హెప్సిడిన్ దానికి అతుక్కుని కణం లోపలికి లాగించి నాశనం చేయిస్తుంది.

పెప్టైడ్ చిన్నదే. 25 అమైనో ఆమ్లాలు, అందులో 8 సిస్టీన్లు, వాటి మధ్య 4 డైసల్ఫైడ్ బంధాలు. మొదటి 5 అమైనో ఆమ్లాలు తీసేస్తే మిగిలే హెప్సిడిన్-20 ఫెర్రోపోర్టిన్‌ని కదిలించలేదు, కానీ బ్యాక్టీరియాని చంపే గుణం దానికి మిగిలే ఉంటుంది. ఈ ఒక్క విషయం పట్టుకోండి. రెండు పాత్రల్నీ విడదీసి చూడటానికి ప్రయోగశాలలో ఇంతకంటే సులువైన సాధనం లేదు.

ఇనుము దారి

మన ఒంట్లో రోజూ ఎముక మజ్జకి కావలసిన ఇనుము సుమారు 20 నుంచి 25 మిల్లీగ్రాములు. తిండి నుంచి పేగు పీల్చుకునేది 1, 2 మిల్లీగ్రాములే. మిగతాదంతా ముసలి ఎర్ర రక్తకణాల్ని మింగి అరిగించే మాక్రోఫేజ్‌లు తిరిగి ఇచ్చేది. అంటే ఫెర్రోపోర్టిన్ మూతపడితే మొదట దెబ్బ తగిలేది మాక్రోఫేజ్ నుంచి రక్తంలోకి వచ్చే ధారకి. ఇన్ఫెక్షన్ రాగానే ఐఎల్-6 అనే రోగనిరోధక సంకేతం పెరుగుతుంది, కాలేయం హెప్సిడిన్ వదులుతుంది, కొన్ని గంటల్లోనే సీరంలో ఇనుము పడిపోతుంది. రక్తంలో ఈదే విబ్రియో వల్నిఫికస్ లాంటి బ్యాక్టీరియాకి ఇది చావుదెబ్బ. హెప్సిడిన్ లేని ఎలుకలు ఆ ఇన్ఫెక్షన్‌కి తట్టుకోలేవు.

టీబీ క్రిమి ఉండేది మాక్రోఫేజ్ లోపల. రక్తంలో ఇనుము తగ్గించడానికి మాక్రోఫేజ్ తలుపు మూయడమంటే, దొంగ ఇంట్లో ఉండగా బయట గొళ్ళెం పెట్టినట్టే. ఆ అనుమానానికి ఆధారాలున్నాయి. హెమోక్రొమాటోసిస్ అనే వంశపారంపర్య జబ్బులో హెప్సిడిన్ తక్కువ, ఒళ్ళంతా ఇనుము ఎక్కువ, కానీ మాక్రోఫేజ్‌లలో మాత్రం తక్కువ. అలాంటి రోగుల మాక్రోఫేజ్‌లలో టీబీ క్రిమికి దక్కే ఇనుమూ, దాని పెరుగుదలా రెండూ తగ్గాయని 2007లో ఒలకన్మి, ష్లెసింగర్, బ్రిటిగన్ చూపించారు. దీనికి ఎదురు చివర ఆఫ్రికా ఉంది. ఇనుప పాత్రల్లో కాచిన సంప్రదాయ బీరు తాగేవారిలో పేరుకునే ఇనుము మాక్రోఫేజ్‌లలోకి కూడా చేరుతుంది. అక్కడ ఆ ఇనుముకీ టీబీకీ సంబంధం ఉందని గోర్డ్యూక్ తదితరులు 1996లో, జింబాబ్వే రోగుల మీద మరో బృందం 2001లో రాశారు. ఒంట్లో మొత్తం ఇనుము రెండు చోట్లా ఎక్కువే. తేడా అది ఏ కణంలో ఉందన్నది.

అదే 2007లో ఒహాయో స్టేట్ యూనివర్సిటీ నుంచి వచ్చిన ఇంకో పేపర్ కథని మళ్ళీ తిప్పింది. ఇంటర్‌ఫెరాన్ గామా అనే రోగనిరోధక సంకేతం, మైకోబ్యాక్టీరియా కలిసి తగిలితే మాక్రోఫేజ్ తానే హెప్సిడిన్ తయారు చేస్తుంది. అది ఫాగోసోమ్‌లోకి, అంటే మింగిన క్రిమి ఉండే సంచిలోకి, చేరుతుంది. గాజుపాత్రలో అది టీబీ క్రిమి పెరుగుదలని ఆపుతుంది. మరి ఏది నమ్మాలి?

లెక్క వేసి చూద్దాం. ఆరోగ్యవంతుల రక్తంలో హెప్సిడిన్ నానోమోలార్ స్థాయిలో ఉంటుంది. అణుభారం సుమారు 2789 డాల్టన్లు కాబట్టి 10 నానోమోలార్ అంటే మిల్లీలీటరుకి 28 నానోగ్రాములు. డిష్‌లో బ్యాక్టీరియాని చంపడానికి వాడే మోతాదులు పదుల మైక్రోమోలార్లు. 30 మైక్రోమోలార్ అంటే మిల్లీలీటరుకి 84 మైక్రోగ్రాములు. వెయ్యి రెట్లకి మించిన తేడా. రక్తంలో తిరిగే హెప్సిడిన్ టీబీ క్రిమిని నేరుగా చంపుతుందన్న మాట ఇక్కడితో కొట్టేయొచ్చు. ఫాగోసోమ్ సంగతి వేరు. 1 మైక్రాన్ వ్యాసం ఉన్న గోళం లోపలి ఘనపరిమాణం అర ఫెమ్టోలీటరు. అందులో 30 మైక్రోమోలార్ రావడానికి కావలసింది దాదాపు 9,500 అణువులు. ఒక మాక్రోఫేజ్‌కి అది పెద్ద పని కాదు. కాకపోతే ఆ అణువుల్లో ఎన్ని పొరలకీ ప్రోటీన్లకీ అతుక్కోకుండా మిగులుతాయన్నది ఈ లెక్క చెప్పదు. కాబట్టి నా దృష్టిలో హెప్సిడిన్ రక్తంలో హార్మోన్, ఫాగోసోమ్ లోపల బహుశా పెప్టైడ్. ఒకే ప్రయోగంలో రెంటినీ కలిపేస్తే వచ్చే జవాబుకి అర్థం ఉండదు.

క్రిమి తరఫు ఏర్పాట్లు

టీబీ క్రిమి ఇనుము కోసం రెండు రకాల సిడరోఫోర్లు, అంటే ఇనుమును పట్టుకునే అణువులు, తయారు చేస్తుంది. మైకోబాక్టిన్ కొవ్వు తోకతో కణం పొరలోనే ఉంటుంది. తోక పొట్టిగా, కార్బాక్సిల్ గుంపుతో ముగిసే కార్బాక్సీమైకోబాక్టిన్ బయటికి వెళ్ళి ఇనుమును పట్టుకొస్తుంది. హల్ యూనివర్సిటీలో కాలిన్ రాట్లెడ్జ్ దశాబ్దాల పాటు పని చేసింది వీటి మీదే. తయారీకి ఎంబీటీ జన్యువులు, బయటికి పంపడానికి ఎంఎంపీఎల్4, ఎంఎంపీఎల్5, లోపలికి తేవడానికి ఐఆర్‌టీఏబీ ఉన్నాయి. ఇనుము సరిపడా ఉంటే ఐడీఈఆర్ అనే ప్రోటీన్ ఎంబీటీ జన్యువుల్ని మూసేసి, దాచుకునే బ్యాక్టీరియోఫెరిటిన్ జన్యువుని తెరుస్తుంది. ఐడీఈఆర్ డీఎన్ఏ మీద ఎక్కడెక్కడ కూర్చుంటుందో కంప్యూటర్‌తో ఊహించి ప్రయోగంతో సరిచూసిన పని 2005లో హైదరాబాద్‌లోని పరిశోధన సంస్థ సీడీఎఫ్‌డీ నుంచి వచ్చింది.

హైదరాబాద్ పేరు ఇక్కడ మర్యాదకి తెచ్చింది కాదు. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో మంజుల శ్రీధరన్ బృందం ఇనుము తగ్గినప్పుడు మైకోబ్యాక్టీరియా కణగోడలో కనిపించే 28 కిలోడాల్టన్ల ప్రోటీన్‌ని పట్టుకుని, అది హప్‌బీ అని గుర్తించింది. హప్‌బీ సిడరోఫోర్ల తయారీని పెంచుతుందనీ, అది లేని టీబీ క్రిమి మాక్రోఫేజ్‌లలో పెరగలేదనీ 2014లో అదే బృందం చూపించింది. ఐడీఈఆర్ బ్రేక్ అయితే ఇది యాక్సిలరేటర్. పెప్టైడ్ల వైపు చూస్తే, హైదరాబాద్‌లోనే ఉన్న సీసీఎంబీలో ఆర్. నాగరాజ్ బృందం డిఫెన్సిన్లు, ఇండోలిసిడిన్ లాంటి యాంటీమైక్రోబియల్ పెప్టైడ్ల ఆకారానికీ చంపే శక్తికీ ఉన్న సంబంధం మీద ఏళ్ళ తరబడి పని చేసింది. రెండూ ఒకే ఊళ్ళో ఉన్నాయి కాబట్టి ఈ రంగంలోకి రావాలనుకునే తెలుగు విద్యార్థులు చదవడం మొదలుపెట్టడానికి దూరం పోనక్కర్లేదు.

మన కణాల్లోనూ ఎదురు ఏర్పాట్లున్నాయి. లిపోకాలిన్-2 అనే ప్రోటీన్ కార్బాక్సీమైకోబాక్టిన్‌ని నోట కరుచుకుంటుంది. ఎన్‌ర్యాంప్1 అనే పంపు ఫాగోసోమ్ నుంచి లోహాల్ని బయటికి తోడేస్తుంది. క్రిమి మాత్రం తన ఫాగోసోమ్ ముదరకుండా తొలి దశలోనే ఆపేసుకుంటుంది. ఆ దశలో బయటి నుంచి వచ్చే ట్రాన్స్‌ఫెరిన్ (రక్తంలో ఇనుమును మోసే ప్రోటీన్) ఇనుముతో సహా దాని దాకా చేరుతుంది.

పెప్టైడ్ సీసా దగ్గరే మొదలయ్యే తప్పులు

ఇక దీన్ని ప్రయోగంలో తేల్చాలనుకునేవారికి. హెప్సిడిన్-25ని, అంటే 25 అమైనో ఆమ్లాల పూర్తి రూపాన్ని, కొనగానే మాస్ స్పెక్ట్రమ్ (అణుభారం చూపే పరీక్ష) చూడండి. నాలుగు డైసల్ఫైడ్లు ఏర్పడితే 8 హైడ్రోజన్లు పోతాయి, కాబట్టి మడత పడినదానికీ పడనిదానికీ తేడా 8 డాల్టన్లు. 2797 దగ్గర శిఖరం కనిపిస్తే మీ దగ్గర ఉన్నది హెప్సిడిన్ కాదు, అదే వరుసలో ఉన్న దారం. దాని స్వేచ్ఛా థయాల్స్ (జత కట్టని సిస్టీన్ కొసలు) తర్వాత, క్రిమి బతికుందో లేదో రంగుతో చూపే రెసజురిన్‌ని తామే రంగు మార్చి మిమ్మల్ని మోసం చేయగలవు. బరువు సరిపోయినా ఏ సిస్టీన్ ఏ సిస్టీన్‌తో కట్టుకుందో తెలియదు. అందుకే ప్రతి బ్యాచ్‌నీ ఫెర్రోపోర్టిన్ ఉన్న కణాల మీద ఒకసారి పరీక్షించాలి. ఫెర్రోపోర్టిన్ తగ్గకపోతే ఆ బ్యాచ్ హార్మోన్‌గా చచ్చినట్టే, దానితో మాక్రోఫేజ్ ప్రయోగం దండగ.

సీసా మీద 1 మిల్లీగ్రాము అని ఉంటే లోపల అంత పెప్టైడ్ ఉండదు. ట్రైఫ్లోరోఎసిటేట్ ఉప్పు, నీటి తేమ కలిసి ఉంటాయి; అసలు పెప్టైడ్ 60 నుంచి 80 శాతం దగ్గర ఉండటం మామూలు. సర్టిఫికెట్‌లో నెట్ పెప్టైడ్ కంటెంట్ చూసి లెక్క కట్టండి. కణాల ప్రయోగాలకైతే ట్రైఫ్లోరోఎసిటేట్‌ని ఎసిటేట్‌గానో క్లోరైడ్‌గానో మార్పించుకోవడం మేలు. ఎండోటాక్సిన్ (బ్యాక్టీరియా పొర నుంచి వచ్చే ఎల్‌పీఎస్ అనే పదార్థం) పరీక్ష తప్పనిసరి, ఎందుకంటే కొంచెం ఎల్‌పీఎస్ ఉన్నా మాక్రోఫేజ్ ఐఎల్-6 వదిలి తన హెప్సిడిన్ తానే చేసుకుంటుంది. అప్పుడు మీరు వేసినదేదో, అది చేసినదేదో తేలదు.

ధనావేశం ఉన్న పెప్టైడ్లు పాలిస్టైరీన్‌కి అతుక్కుపోతాయి. 96 వెల్స్ ప్లేట్, ట్యూబులు, టిప్‌లు అన్నీ పాలిప్రొపైలీన్‌వే కావాలి. వరుసగా సగం సగం పలచన చేసేటప్పుడు 0.01 శాతం ఎసిటిక్ ఆమ్లంలో 0.2 శాతం బోవైన్ సీరం ఆల్బుమిన్ కలిపిన ద్రవం వాడితే అతుక్కోవడం తగ్గుతుంది. స్టాక్‌ని చిన్న చిన్న భాగాలుగా మైనస్ 80 డిగ్రీల దగ్గర దాచండి, ఒకసారి కరిగించింది మళ్ళీ గడ్డకట్టించకండి.

మీడియం అసలు శత్రువు

మీడియం అంటే క్రిమిని పెంచే పోషక ద్రవం. అందరూ వాడే మిడిల్‌బ్రూక్ 7హెచ్9లో లీటరుకి 0.04 గ్రాముల ఫెర్రిక్ అమ్మోనియం సిట్రేట్ ఉంటుంది. అందులో ఇనుము అయిదో వంతు అనుకున్నా వంద మైక్రోమోలార్లకి పైనే. ఇంత ఇనుము మధ్య ఇనుము దాచే పెప్టైడ్‌ని పరీక్షించడం ఏం పరీక్ష? పైగా మామూలుగా కలిపే ఓఏడీసీ సప్లిమెంట్‌తో లీటరుకి 5 గ్రాముల ఆల్బుమిన్ వస్తుంది. మన ఒంట్లోనే తయారయ్యే ఎల్ఎల్-37తో సహా చాలా పెప్టైడ్లు దానికి అంటుకుని పనికి రాకుండా పోతాయి. ముద్దలు కట్టకుండా వేసే ట్వీన్-80 కణపొరని కూడా కదిలిస్తుంది కాబట్టి పెప్టైడ్ బలం ఎక్కువగా కనిపించొచ్చు. దాని బదులు టైలోక్సపాల్ 0.02 నుంచి 0.05 శాతం వాడటం కొంత మేలు. ఒక పేపర్లో ఎంఐసీ (పెరుగుదలని ఆపే కనీస మోతాదు) 16, ఇంకోదానిలో 128 అని కనిపిస్తే, పెప్టైడ్‌ని అనుమానించే ముందు రెండు మీడియంలనీ పక్కపక్కన పెట్టి చదవండి. చాలాసార్లు జవాబు అక్కడే ఉంటుంది.

ఇనుము తక్కువ మీడియం తయారీ ఓపిక పని. గాజు సామాను 6 నార్మల్ హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో రాత్రంతా నానబెట్టి, మిల్లీ-క్యూ నీళ్ళతో అనేకసార్లు కడగాలి. వీలైతే గాజే మానేసి ప్లాస్టిక్‌లో చేయడం మంచిది. ఆస్పరజిన్ 0.5 శాతం, పొటాషియం డైహైడ్రోజన్ ఫాస్ఫేట్ 0.5 శాతం, గ్లిసరాల్ 2 శాతం కలిపి పీహెచ్ 6.8కి తెచ్చి, చెలెక్స్-100 రెసిన్‌తో రాత్రంతా కలియబెట్టి వడకట్టాలి. చెలెక్స్ ఇనుమునే కాదు, మెగ్నీషియం, జింక్, మాంగనీస్‌ని కూడా లాగేస్తుంది. వాటిని తిరిగి కలపాలి: లీటరుకి మెగ్నీషియం సల్ఫేట్ 40 మిల్లీగ్రాములు, జింక్ క్లోరైడ్ 0.5, మాంగనీస్ సల్ఫేట్ 0.1. ఇవి అత్యంత శుద్ధమైన గ్రేడ్‌వి కాకపోతే తీసేసిన ఇనుము వీటితోనే మళ్ళీ వచ్చి పడుతుంది. ఇంత చేసినా 1, 2 మైక్రోమోలార్ల ఇనుము మిగలొచ్చు. లోహాల్ని కొలిచే ఐసీపీ-ఎంఎస్ యంత్రంతో కొలిపించి ఆ అంకె రాయండి. ప్రోస్కావర్-బెక్ మీడియంలో పని చేసేవాళ్ళు తక్కువ ఇనుముకి మిల్లీలీటరుకి 0.02 మైక్రోగ్రాములు, ఎక్కువకి 8 మైక్రోగ్రాములు పెడతారు.

మీడియం సిద్ధమైనంత మాత్రాన క్రిమికి ఆకలి వేయదు. బ్యాక్టీరియోఫెరిటిన్‌లో దాచుకున్న నిల్వతో కొన్ని తరాలు లాగించేస్తుంది. తక్కువ ఇనుములో రెండు మూడుసార్లు మార్చి పెంచాకే అసలు ప్రయోగం మొదలుపెట్టాలి. ఆకలి వేసిందో లేదో సీఏఎస్ పరీక్షతో చూడొచ్చు. నీలం రంగు ఇనుము-క్రోమ్ అజురాల్ జంట నుంచి సిడరోఫోర్ ఇనుమును లాక్కుంటే రంగు నారింజకి మారుతుంది, 630 నానోమీటర్ల దగ్గర శోషణ పడిపోతుంది. మీడియంలోని ఫాస్ఫేట్, సిట్రేట్ కూడా ఇదే పని కొంత చేస్తాయి, కాబట్టి క్రిమి వేయని మీడియమే మీ బ్లాంక్ కావాలి, నీళ్ళు కాదు. మైకోబాక్టిన్ కోసం కణాల ముద్దని రాత్రంతా ఇథనాల్‌లో ఉంచి, సెంట్రిఫ్యూజ్ చేసి, పైద్రవంలో ఫెర్రిక్ క్లోరైడ్ చుక్కలు వేసి, క్లోరోఫామ్‌లోకి తీసి 450 నానోమీటర్ల దగ్గర కొలుస్తారు. ఎరుపు-గోధుమ రంగు కంటికే తెలుస్తుంది.

ఏ క్రిమి, ఎలా చదవాలి

మైకోబ్యాక్టీరియం స్మెగ్మాటిస్ ఎంసీ2 155 మూడు గంటలకోసారి రెట్టింపవుతుంది, బీఎస్ఎల్-3 (ప్రమాదకర క్రిముల కోసం ప్రత్యేక భద్రతతో కట్టిన ప్రయోగశాల) అవసరం లేదు. అందుకే అందరూ దానితో మొదలుపెడతారు. తప్పు లేదు, కానీ అది ప్రధానంగా ఎక్సోకెలిన్ అనే వేరే సిడరోఫోర్ మీద ఆధారపడుతుంది, టీబీ క్రిమికి అది లేదు. ఇనుము ప్రశ్నకి బీసీజీ టీకాలో వాడే క్రిమి మెరుగైన మెట్టు. అసలు టీబీ క్రిమి మీద పని అనుమతి ఉన్న బీఎస్ఎల్-3లోనే.

ముద్దలు ఈ రంగంలో పాత పీడ. కల్చర్‌ని కాసేపు నిలబెట్టి, ముద్దలు కిందికి దిగాక పైద్రవాన్ని 5 మైక్రాన్ల ఫిల్టర్‌లోంచి పంపితే ఒంటరి కణాలు దక్కుతాయి. వెల్‌లో మిల్లీలీటరుకి 5 లక్షల సీఎఫ్‌యూ (కాలనీ కట్టగల బతికున్న క్రిములు) చాలు. ముద్ద మధ్యలో ఉన్న కణాలకి పెప్టైడ్ చేరదు, ప్లేట్ మీద ముద్ద మొత్తం ఒకే కాలనీగా కనిపిస్తుంది. ఒకటి మందు పనిని తక్కువ చేసి చూపిస్తే, రెండోది ఎక్కువ చేసి చూపిస్తుంది. రెసజురిన్‌తో చదవడం సులువే, స్మెగ్మాటిస్‌కి 48 గంటలు, టీబీ క్రిమికి 7 రోజుల తర్వాత 0.02 శాతం ద్రావణం వేసి మరుసటి రోజు రంగు చూస్తారు. కానీ ఇనుము లేని క్రిమి ఊపిరి మందగిస్తుంది, నీలం అలాగే ఉండిపోతుంది. అది చావు కాకపోవచ్చు. అనుమానం ఉన్న ప్రతి వెల్‌నీ అగర్ మీద ప్లేట్ చేసి లెక్కపెట్టండి.

ఇక తేల్చే ప్రయోగం. ఒకే ప్లేట్‌లో తక్కువ ఇనుము, ఎక్కువ ఇనుము; ఒక్కోదానిలో హెప్సిడిన్-25, హెప్సిడిన్-20, అమైనో ఆమ్లాల వరుస కలగాపులగం చేసిన పెప్టైడ్. పీహెచ్ 7.2 దగ్గర ఒకసారి, 6.0 దగ్గర ఒకసారి. హిస్టిడిన్ల వల్ల ఆమ్ల వాతావరణంలో హెప్సిడిన్ బలం పెరుగుతుంది, ఫాగోసోమ్‌లో ఉండేది కూడా తటస్థ పీహెచ్ కాదు కాబట్టి ఈ రెండో వరుస మానొద్దు.

ఇనుము కలిపితే క్రిమి బతికిందని తేలగానే "చూశారా, పెప్టైడ్ ఇనుమును లాక్కునే చంపుతోంది" అని రాసేయడం చాలా మంది చేసే పని. అది నిలవదు. మూడు ధనావేశాలున్న ఇనుము అయాన్ రుణావేశం ఉన్న కణగోడ మీద పెప్టైడ్ కూర్చునే చోటుని తానే ఆక్రమించగలదు. మెగ్నీషియం, కాల్షియం కూడా ఇదే చేస్తాయి. అందుకని ఇనుమును పెప్టైడ్‌తో పాటు వేయకుండా, క్రిములకి ముందే ఇనుము తినిపించి, కడిగి, తర్వాత తక్కువ ఇనుములో పెప్టైడ్ వేయండి. అప్పుడూ చస్తే కారణం పొర. బతికితే ఇనుము ఆకలి అన్న మాటకి బలం వస్తుంది. దీనికి తోడు పెప్టైడ్ వేసిన రెండు గంటల్లో ఆర్‌ఎన్ఏ తీసి ఎంబీటీబీ (సిడరోఫోర్ తయారీ), బీఎఫ్ఆర్‌బీ (ఇనుము నిల్వ) జన్యువులు చూడండి. ఆకలైతే మొదటిది పెరగాలి, రెండోది తగ్గాలి. రెండూ కదలకుండా ప్రొపిడియం అయోడైడ్ అనే రంగు మాత్రం లోపలికి పోతుంటే అది పొర చిల్లే. హెప్సిడిన్-25 మొదటి మూడు అమైనో ఆమ్లాలు రాగినీ నికెల్‌నీ గట్టిగా పట్టుకుంటాయి, హెప్సిడిన్-20కి ఆ కొస లేదు. రెంటి మధ్య తేడా కనిపిస్తే రాగిని కూడా అనుమానించండి.

మాక్రోఫేజ్‌లో

ఇక్కడ మొదటి పొరపాటు ఫెర్రోపోర్టిన్ ఉందో లేదో చూడకుండా హెప్సిడిన్ వేయడం. పీఎంఏ అనే రసాయనంతో మాక్రోఫేజ్‌గా మార్చిన టీహెచ్‌పీ-1 (ప్రయోగశాలలో పెంచే మనిషి తెల్ల రక్తకణాల రకం) కణాల్లో అది బొత్తిగా తక్కువ ఉండొచ్చు. లేని తలుపుని మూయలేం కదా. ముందురోజు ఫెర్రిక్ అమ్మోనియం సిట్రేట్ ఇస్తే ఫెర్రోపోర్టిన్ పెరుగుతుంది, కానీ ఇన్ఫెక్షన్ ముందు దాన్ని బాగా కడిగేయకపోతే మీరు క్రిమికి భోజనం పెట్టినట్టే. క్రిమిని గుర్తుపట్టే టీఎల్ఆర్ గ్రాహకాల సంకేతాలు హెప్సిడిన్‌తో పని లేకుండానే ఫెర్రోపోర్టిన్ ఆర్‌ఎన్ఏని తగ్గిస్తాయి, కాబట్టి ఇన్ఫెక్షన్ మాత్రమే ఉన్న కంట్రోల్ ప్రతి సమయానికీ కావాలి. హెప్సిడిన్ అతుక్కోలేని సీ326ఎస్ ఫెర్రోపోర్టిన్ ఉన్న కణాలు దొరికితే అంతకంటే మంచి కంట్రోల్ లేదు: అక్కడ కూడా క్రిమి సంఖ్య మారితే అది హార్మోన్ పని కాదు.

ప్రోటీన్ ఎంత ఉందో చూసే వెస్టర్న్ బ్లాట్‌కి ఫెర్రోపోర్టిన్ శాంపిళ్ళని మరిగించొద్దు. పొరలో చాలాసార్లు మెలికలు తిరిగే ప్రోటీన్ కాబట్టి ముద్దకట్టి వెల్ పైనే నిలిచిపోతుంది, "హెప్సిడిన్ అద్భుతంగా పని చేసింది" అని మీకు అనిపిస్తుంది. పక్కనే ఫెరిటిన్ (కణం ఇనుమును దాచుకునే ప్రోటీన్) కూడా చూడండి. ఇనుము నిజంగా లోపల నిలిస్తే అది పెరగాలి. కణాల్ని పెంచే మీడియంలలో ఆర్‌పీఎంఐ-1640లో ఇనుము ఉప్పు లేదు, డీఎంఈఎంలో ఫెర్రిక్ నైట్రేట్ ఉంది, 10 శాతం సీరం కొన్ని మైక్రోమోలార్లు తెస్తుంది. మీడియం మారిస్తే ప్రయోగం మారినట్టే.

ఎలుకలతో పని చేసేవాళ్ళకి ఒక మాట. సీ57బీఎల్/6, బాల్బ్/సీ అనే రెండు ప్రయోగశాల ఎలుక రకాల్లోనూ ఎన్‌ర్యాంప్1 పని చేయదు. ఫాగోసోమ్ నుంచి లోహాన్ని తోడే పంపు పాడైన జంతువులో ఇనుము, టీబీ సంబంధం చదివి మనిషికి అంటగట్టడం నాకు ఎప్పుడూ నచ్చదు.

రోగి దగ్గర

టీబీతో వచ్చినవారిలో చాలా మందికి రక్తహీనత ఉంటుంది. సీరంలో ఇనుము తక్కువ, ఫెరిటిన్ ఎక్కువ, హెప్సిడిన్ ఎక్కువ. ఇనుము లేక కాదు, మాక్రోఫేజ్‌లలో చిక్కుకుపోయి. టీబీ మందులు పని చేసేకొద్దీ హెప్సిడిన్ దిగుతుంది, చాలా మందిలో ఇనుము ఇవ్వకుండానే హిమోగ్లోబిన్ కోలుకుంటుంది. 19వ శతాబ్దంలో పారిస్ వైద్యుడు ఆర్మండ్ ట్రూసో క్షయ రోగులకి ఇనుము ఇవ్వొద్దని హెచ్చరించాడు. కారణం ఆయనకి తెలిసే అవకాశం లేదు.

దీన్ని "టీబీ ఉంటే ఇనుము విషం" అని తిప్పడం తప్పు. మన దగ్గర, ముఖ్యంగా స్త్రీలలో, నిజమైన ఇనుము లోపం టీబీతో కలిసి ఉండటం సహజం. రెంటినీ విడదీయడానికి ఫెరిటిన్ ఒక్కటే చాలదు, ఎందుకంటే వాపు (ఇన్‌ఫ్లమేషన్) దాన్ని పైకి నెడుతుంది. ఆరోగ్యవంతులైన పెద్దవారిలో ఫెరిటిన్ లీటరుకి 15 మైక్రోగ్రాముల లోపు అంటే లోపమని చెప్పే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాలు, ఇన్ఫెక్షన్ ఉన్నప్పుడు ఆ గీతని లీటరుకి 70కి పెంచాయి. వాపుని చూపే సీఆర్‌పీ రక్తపరీక్ష పక్కన పెట్టుకోకుండా ఫెరిటిన్ చదవకూడదు. హెప్సిడిన్ ఎక్కువగా ఉన్న మొదటి వారాల్లో నోటి మాత్ర ఇచ్చినా పేగు ఫెర్రోపోర్టిన్ మూసి ఉంటుంది కాబట్టి ఒంటికి పట్టేది కొంచెమే. అందుకే ఎప్పుడు మొదలుపెట్టాలన్నది చూసే డాక్టరు నిర్ణయించాల్సిన విషయం.

గర్భిణులకో కిశోర బాలికలకో ప్రభుత్వ కార్యక్రమంలో 60 మిల్లీగ్రాముల ఇనుము మాత్రలు ఇంట్లో ఉండే అవకాశం ఎక్కువ. మందులకి లొంగని టీబీకి లీవోఫ్లాక్ససిన్ లేదా మాక్సిఫ్లాక్ససిన్ వాడుతున్నవారు వాటిని ఆ మాత్రతో కలిపి మింగకూడదు. ఇనుము ఆ మందుని కడుపులోనే పట్టేసి రక్తంలోకి చేరనివ్వదు. లీవోఫ్లాక్ససిన్‌కి కనీసం రెండు గంటల ఎడం కావాలి, మాక్సిఫ్లాక్ససిన్‌కి ఇంకా ఎక్కువ: ఇనుముకి నాలుగు గంటల ముందు, లేదా ఎనిమిది గంటల తర్వాత. ఇంట్లో ఇనుము మాత్రలు ఏ పూట వేసుకుంటున్నారో మందులిచ్చే సిబ్బందికి చెప్తే, వాళ్ళు వేళలు సర్ది రాసిస్తారు.